దెయ్యం ఎప్పుడూ పక్క భాషదే ఎందుకవుతుంది?

మీరు అడిగింది ఇదీ: ఎంఏ డిసర్టేషన్‌కి హారర్, సైన్స్ ఫిక్షన్ సినిమాలు తీసుకున్నారు. గైడ్ ఈ రకం సినిమాల మీద సిద్ధాంతాలు రాసిన రాబిన్ వుడ్, నోయెల్ క్యారల్, సుజన్ సాంటాగ్‌లను చదవమన్నారు, చదివారు. కానీ ఆ సిద్ధాంతాలను మన సినిమాల మీద పెడితే అతికించినట్టు ఉంటోంది. ఇవి అమెరికా సినిమాలకే పనికొస్తాయా, మనకంటూ వేరే సిద్ధాంతం ఏమైనా ఉందా అన్నది మీ సందేహం.

చాలాకాలంగా ఫిల్మ్ స్టడీస్ పాఠాలు చెబుతున్నాను, ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. నా జవాబు సూటిగా చెప్తాను. సిద్ధాంతం అక్కడిదా ఇక్కడిదా అన్నది పెద్ద సమస్య కాదు. ఒకే సినిమాను ముందు పెట్టుకుని దాని మీద సిద్ధాంతాన్ని పరిస్తే అది ఎప్పుడూ అతుకులాగే కనిపిస్తుంది, హాలీవుడ్ సినిమా అయినా సరే. దానికి బదులు సరిహద్దు దాటిన కథను పట్టుకోండి. ఒక కథ ఒక భాష నుంచి ఇంకో భాషకు వెళ్ళినప్పుడు ప్రేమకథ చాలావరకు అలాగే వెళ్ళిపోతుంది, కామెడీ ట్రాక్ మారుతుంది, పాటలు మారతాయి, అదంతా మామూలే. భయం మాత్రం అలా వెళ్ళదు. భయాన్ని ఆ ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాలి. రీమేక్ చేసినవాళ్ళు ఎక్కడ మార్చక తప్పలేదో అక్కడ ఆ సమాజం భయపడేది ఏమిటో బయటపడుతుంది. సిద్ధాంతం అవసరం మొదలయ్యేది అక్కడే.

ఉదాహరణకు మనందరికీ బాగా తెలిసిన కథే తీసుకుందాం. 1993లో మలయాళంలో ఫాజిల్ తీసిన ‘మణిచిత్రతాళు’. రచన మధు ముట్టం, శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన సినిమా. ఇదే కథ 2004లో కన్నడలో ‘ఆప్తమిత్ర’, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’, 2007లో హిందీలో ‘భూల్ భులయ్యా’ అయింది. తమిళ చంద్రముఖి డబ్ అయి మన దగ్గర కూడా విపరీతంగా ఆడింది. అన్నిటిలోనూ కథ ఒక్కటే. పాత బంగళా, తాళం వేసిన గది, అందులో ఒకప్పుడు బందీ అయి చచ్చిపోయిన నర్తకి, ఆ నర్తకి తానే అనుకునే కొత్త కోడలు, ఆమెకు వైద్యం చేసే సైకియాట్రిస్టు.

ఇప్పుడు ఆ నర్తకి ఏ భాష మాట్లాడుతుందో వరుసగా చూడండి. మలయాళంలో ఆమె తంజావూరు నుంచి తెచ్చిన తమిళ నర్తకి. కన్నడలో తెలుగు నర్తకి. తమిళంలో కూడా తెలుగు నర్తకే, ‘రారా’ పాట తమిళ ప్రేక్షకులు తెలుగులోనే విన్నారు. హిందీలో బెంగాలీ నర్తకి. మరి తెలుగు డబ్బింగ్‌లో? మన దెయ్యం మన భాషే మాట్లాడితే సరిపోయేది కదా, తమిళ ఒరిజినల్‌లో తెలుగు పాట సిద్ధంగా ఉంది కూడా. కానీ అలా చేయలేదు. తెలుగులో ఆమెను తమిళ నర్తకిని చేసి ‘వారాయ్’ అని తమిళంలో పాడించారు. ఈ రోజుకీ మన పిల్లలు కొప్పు విప్పుకుని ఆటపట్టించేది ఆ ఒక్క మాటతోనే.

అంటే ఐదు భాషల్లో ఒక్కదానిలో కూడా ఆ నర్తకిది ఇంటి భాష కాదు. మరీ దూరం భాష కూడా కాదు, పూర్తిగా అర్థంకాని భాషయితే భయం పుట్టదు. సగం అర్థమయ్యే పక్కింటి భాష కావాలి. మలయాళం సినిమాలో ఒక సీను ఉంది, దాన్ని ఆపి ఆపి చూడండి. ఆ కొత్త కోడలు గంగ నగల షాపింగ్‌కి బయల్దేరుతుంటే భర్త ఇప్పుడు వద్దంటాడు. ఆమె ముందు మామూలుగానే అడుగుతుంది, ఎందుకు వెళ్ళకూడదని. తర్వాత మెడ కొంచెం వాలుతుంది, కళ్ళు పెద్దవవుతాయి, గొంతు దిగుతుంది, మలయాళంలో మొదలైన మాట తమిళంలోకి జారిపోతుంది, ఒంటిచేత్తో మంచం పైకి లేపుతుంది. అందరికీ మంచమే గుర్తుంటుంది. నన్నడిగితే ఒళ్ళు జలదరించేది మంచం లేచినప్పుడు కాదు, దానికి ముందు భాష మారినప్పుడు. నాగవల్లి అనే ఆ నర్తకి గొంతు శోభనదీ కాదు, గంగకు డబ్బింగ్ చెప్పినామెదీ కాదు. దుర్గ అనే తమిళ డబ్బింగ్ కళాకారిణిది అని చాలా ఏళ్ళ తర్వాత ఫాజిల్ చెప్పారు. ఒకే ఒంట్లో నిజంగానే రెండు గొంతులు ఉన్నాయన్నమాట.

ఇక్కడికి వచ్చాక క్యారల్‌ను తెరవండి. 1990లో వచ్చిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ హారర్’లో ఆయన చెప్పేది ఏమిటంటే, రాక్షసం (మాన్‌స్టర్) అన్నది ప్రమాదకరంగా ఉంటే చాలదు, అపవిత్రంగా కూడా ఉండాలి, అంటే మనం లోకాన్ని విడదీసుకున్న గళ్ళలో ఏ గడిలోనూ ఇమడకూడదు. చచ్చీ బతికీ ఉన్నది, మనిషీ జంతువూ అయినది, అలా. ఈ ఆలోచన ఆయన మానవ శాస్త్రవేత్త మేరీ డగ్లస్ నుంచి తీసుకున్నాడు. క్యారల్ ఇచ్చే గళ్ళు ఎక్కువగా జీవానికి, శరీరానికి సంబంధించినవి. మన దగ్గర మాతృభాష కూడా అలాంటి గడే. కట్టుకున్న భార్య నోట్లోంచి మనది కాని భాష రావడం గడి దాటడమే. భాషల పేరు మీద రాష్ట్రాలు గీసుకున్న దేశంలో ఈ భయానికి వేరే బలం ఉంటుంది. క్యారల్‌కు ఈ సంగతి తట్టే అవకాశం లేదు, కానీ ఆయన పనిముట్టు లేకపోతే మనకు ఈ ప్రశ్న ఇంత స్పష్టంగా దొరికేదా అంటే అనుమానమే. సిద్ధాంతాన్ని వాడుకోవడం అంటే నా ఉద్దేశం ఇదే.

రాబిన్ వుడ్ దగ్గరకు వద్దాం. 1979 వ్యాసంలో ఆయన ఇచ్చిన సూత్రం చాలా చిన్నది: మామూలు జీవితాన్ని రాక్షసం బెదిరిస్తుంది, అదే హారర్. సమాజం తనలో ఏది అణచిపెట్టిందో అదే రాక్షసంగా తిరిగొస్తుంది. ఆడవాళ్ళు, శ్రామికులు, పరాయి సంస్కృతులు, పిల్లలు, ఇలా అణచివేతకు గురైనవాళ్ళ జాబితా కూడా ఇస్తాడు. మీ డ్రాఫ్ట్‌లో ‘నాగవల్లి అణచివేతకు గురైన స్త్రీకి ప్రతీక’ అని రాసుంటారని నా ఊహ. అక్కడితో ఆగితే అతుకే. ఎవరు అణచారు, ఎప్పుడు, ఏ పద్ధతిలో అని అడిగితే గాని చరిత్ర బయటికి రాదు.

ఆమె మామూలు స్త్రీ కాదు, నర్తకి. జమీందారు లేదా రాజు పరాయి ప్రాంతం నుంచి తెచ్చి ఉంచుకున్న నర్తకి. ఈ మనిషి మన చరిత్రలో నిజంగా ఉంది. తంజావూరులో, గోదావరి జిల్లాల్లో, మైసూరులో ఉంది. సంఘ సంస్కరణ ఉద్యమాలు, చివరకు మద్రాసు ప్రెసిడెన్సీలో 1947 నాటి దేవదాసీ నిషేధ చట్టం వచ్చాక ఆ వృత్తి, దానితోపాటు ఆ మనుషుల ఉనికి బహిరంగ జీవితం నుంచి మాయమయ్యాయి. ఆట మాత్రం పేరు మార్చుకుని మధ్యతరగతి ఇళ్ళలోకి, సభల్లోకి వచ్చింది. దవేశ్ సోనేజీ 2012లో రాసిన ‘అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్’ ఈ విషయం మీద తప్పక చదవాల్సిన పుస్తకం. గోదావరి ప్రాంతంలో ఆటపాటలే కులవృత్తిగా ఉన్న కళావంతుల కుటుంబాల్లోని పెద్దావిడలు బయట ఎక్కడా పాడలేని పదాలు, జావళీలు అనే పాటలను ఇంటి తలుపుల లోపల ఎలా గుర్తుపెట్టుకున్నారో ఆయన వాళ్ళ దగ్గర కూర్చుని రాశాడు. ఆ అధ్యాయం చదివి, తాళం వేసిన గదిలో ఒంటరిగా ఆడే నర్తకి సీను మళ్ళీ చూడండి. వుడ్ చెప్పిన ‘అణచిపెట్టినది తిరిగిరావడం’ అప్పుడు మనోవిశ్లేషణ మాటగా ఉండదు, దానికి ఒక సంవత్సరం, ఒక చట్టం, ఒక కులం, ఒక పాటల పెట్టె వచ్చి చేరతాయి. ఈ పోలిక సోనేజీ చేసింది కాదు, నేను చేస్తున్నది. మీకు నచ్చితే వాడుకోండి, నచ్చకపోతే ఖండించండి, రెండూ డిసర్టేషన్‌కి మంచివే.

పక్క భాష సంగతికి ఇంకో కొసమెరుపు ఉంది. నాయకరాజుల కాలంలో తంజావూరు ఆస్థానంలో తెలుగుకు పెద్దపీట. క్షేత్రయ్య పదాలు అక్కడి నర్తకులు తెలుగులోనే పాడి ఆడేవారు. తంజావూరు నర్తకిని మలయాళం సినిమా తమిళంలో పాడించింది, తమిళ సినిమాకు వచ్చేసరికి ఆ నర్తకి ఆంధ్ర నుంచి వచ్చి తెలుగులో పాడింది. పాత ఆస్థానాల్లో రెండు భాషలూ కలిసే ఉండేవి. సినిమాల్లోకి వచ్చేసరికి ఒకటి ఇంటి భాష, ఒకటి దెయ్యం భాష అయ్యాయి. ఈ విడదీత ఇరవయ్యో శతాబ్దంలో జరిగిన పని.

రీమేకుల్లో మారిన ఇంకో పెద్ద విషయం హీరో ముఖం. మలయాళంలో నర్తకిని బంధించిన ఆ క్రూరుడైన కారణవర్ (ఇంటిపెద్ద) కథ ఎక్కువగా ఇంటివాళ్ళ నోటి మాటల్లోనే వినిపిస్తుంది. కన్నడలో, తమిళంలో రాజుకు పెద్ద ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది, ఆ రాజు వేషం వైద్యుడి పాత్ర వేసిన హీరోనే వేశాడు. విష్ణువర్ధన్ అక్కడ, రజనీకాంత్ ఇక్కడ. స్టార్ సినిమా లెక్క ప్రకారం అభిమానులకు రెండు వేషాలు దొరికాయి, అంతే అనుకోవచ్చు. ఫలితం మాత్రం చిన్నది కాదు. ఆమెను చంపినవాడికి, ఆమెను బాగుచేసేవాడికి ఒకే ముఖం. ఆ నర్తకి పగ తీరాలంటే హీరోనే నరకాలి, కథ అందుకు ఒప్పుకోదు. అందుకే తమిళం చూసినవాళ్ళకు రాజు గుర్తున్నంతగా నర్తకి ప్రియుడు గుర్తుండడు. స్టార్ వ్యవస్థ హారర్‌ను ఎలా వంచుతుంది అన్నదాని మీద పాశ్చాత్య హారర్ సిద్ధాంతంలో పెద్దగా ఏమీ దొరకదు, ఎందుకంటే అక్కడి హారర్ చాలావరకు స్టార్లు లేకుండా తీసినదే. దీనికి మీరు మాధవ ప్రసాద్, ఎస్.వి. శ్రీనివాస్ లాంటి మన సినిమా పరిశోధకుల దగ్గరకు వెళ్ళాలి. వాళ్ళ ప్రధాన విషయం హారర్ కాదు, అయినా దక్షిణాది స్టార్ గురించి రాసింది ఇక్కడ సూటిగా పనికొస్తుంది.

వుడ్ నిజంగా సరిపోని చోటు ఒకటుంది. ఆయన లెక్కలో రాక్షసాన్ని చివరకు చంపుతారు, లేదా మళ్ళీ అణచిపెడతారు, లేదా అదే గెలుస్తుంది. మలయాళం సినిమా క్లైమాక్స్ ఈ మూడింటిలో ఏదీ కాదు. సైకియాట్రిస్టు, మంత్రవాది కలిసి పథకం వేస్తారు. దుర్గాష్టమి రాత్రి తతంగం మధ్యలో ఆమె కంటికి ఆ కారణవర్‌గా కనిపించే భర్తను పడుకోబెట్టిన పలక తిరుగుతుంది, అతని చోటికి బొమ్మ వస్తుంది, ఆమె దాన్ని కత్తితో నరుకుతుంది. పగ తీరింది, కాబట్టి వెళ్ళిపోతుంది. అమెరికాలో చదువుకున్న డాక్టరు ఆమె కోపాన్ని తప్పు అనడు, ఆ కోపానికి దక్కాల్సింది దక్కేలా చేస్తాడు. ఇది మనకు వింతగా అనిపించదు. అన్యాయంగా చచ్చిపోయిన ఆడవాళ్ళను పేరంటాళ్ళుగా కొలిచే పల్లెలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. బ్యాంకాక్‌లో వాట్ మహాబుత్ ఆలయం దగ్గర మే నాక్ అనే దెయ్యానికి గుడి ఉంది. బాలింతగా చచ్చిపోయి కూడా భర్తతో కాపురం చేసిందని చెప్పుకునే ఆ అమ్మాయికి జనం ఇప్పటికీ బట్టలు, నగలు సమర్పిస్తారు. ఆమె మీద థాయ్‌లాండ్‌లో లెక్కలేనన్ని సినిమాలు వచ్చాయి. దెయ్యానికి, దేవతకు మధ్య ఇంత సన్నని గీత ఉన్న చోట ‘మామూలు జీవితం వర్సెస్ రాక్షసం’ అన్న సూత్రాన్ని సవరించుకోక తప్పదు. బ్లిస్ కువా లిమ్ 2009లో రాసిన ‘ట్రాన్స్‌లేటింగ్ టైమ్’ ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చింది. దెయ్యాలకు వాటి సొంత కాలం ఉంటుంది, ఆధునిక గడియారం, క్యాలెండర్ దాన్ని పూర్తిగా మింగలేవు అంటారు ఆవిడ. డాక్టరు సైతం దుర్గాష్టమి దాకా ఆగాల్సి రావడం గురించి రాయాలంటే ముందు ఈ పుస్తకం చదవండి.

సైన్స్ ఫిక్షన్‌కి కూడా ఇదే పద్ధతి. 1954 నాటి జపాన్ ‘గాడ్జిల్లా’ తీసుకోండి, దర్శకుడు ఇషిరో హోండా. ఆ ఏడాది మార్చి 1న అమెరికా బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. దాని బూడిద ఫుకుర్యు మారు అనే జపాన్ చేపల పడవ మీద పడింది. ఆ పడవలోని 23 మందీ అనారోగ్యం పాలయ్యారు, రేడియో ఆపరేటర్ కుబొయామా సెప్టెంబర్‌లో చనిపోయాడు. సినిమా నవంబర్ 3న విడుదలైంది. మొదటి సీనులో పడవ మీద జాలరులు కూర్చుని పాటలు వాయించుకుంటుంటే సముద్రంలో ఒక్కసారిగా వెలుగు వస్తుంది, పడవ తగలబడుతుంది. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళకు ఇంకేమీ వివరించక్కర్లేదు. తర్వాత రైల్లో ఆఫీసుకు వెళ్ళేవాళ్ళ మాటలు వస్తాయి: కలుషితమైన చేపలు, రేడియోధార్మిక వాన, ఇప్పుడు ఇదొకటి అని విసుక్కుంటారు, నాగసాకిలో ప్రాణాలు దక్కించుకున్నాను ఇప్పుడు మళ్ళీనా అంటుంది ఒకమ్మాయి.

1956లో ఇది అమెరికాకు వెళ్ళింది. రేమండ్ బర్ అనే నటుడితో విలేకరి పాత్ర ఒకటి విడిగా తీసి అతికించారు. ఆ రైలు మాటలు పోయాయి. జపాన్ సినిమా చివర్లో ప్రొఫెసర్ యమనే, ఈ అణు పరీక్షలు ఆగకపోతే ఇంకో గాడ్జిల్లా ఎక్కడో పుడుతుంది అంటాడు. అమెరికా వెర్షన్‌లో ముప్పు తప్పింది, లోకం మళ్ళీ బతకవచ్చు అని విలేకరి ముగిస్తాడు. ఇప్పుడు 1965లో సాంటాగ్ రాసిన ‘ది ఇమాజినేషన్ ఆఫ్ డిజాస్టర్’ మళ్ళీ చదవండి. ఈ సినిమాలు సైన్స్ గురించి కాదు, విధ్వంసం గురించి అంటుంది, అది నిజం. వీటిలో సామాజిక విమర్శ బొత్తిగా లేదు అని కూడా అంటుంది. అప్పటికి మామూలు అమెరికన్ ప్రేక్షకుడికి దొరికిన గాడ్జిల్లా 1956 నాటిదే, అసలు జపాన్ సినిమా అక్కడి హాళ్ళలో విస్తృతంగా ఆడింది 2004లో. విమర్శ లేకపోవడం కాదు, దారిలో కత్తిరించేశారు. సాంటాగ్ వాదాన్ని తీసిపారేయమని చెప్పడం లేదు. ఏ సినిమా గురించి మాట్లాడుతున్నామన్నది ముందు తేల్చుకోవాలి అంటున్నాను, ఎందుకంటే సరిహద్దు దాటాక అది ఇంకో సినిమా. చాన్ నొరియేగా 1987లో రాసిన వ్యాసం ఇక్కడి నుంచే ఇంకో మెట్టు ఎక్కుతుంది. అమెరికా సిద్ధాంతంలో రాక్షసం అంటే పరాయిది, జపాన్ ప్రేక్షకుడు గాడ్జిల్లాను చూసి భయపడుతూనే దానిలో తనను కూడా చూసుకుంటాడు, అదీ బాంబు దెబ్బ తిన్నదే కదా అని. పేరంటాలి గురించి పైన చెప్పినదానికి ఇది దగ్గరగా వస్తుంది.

తెలుగు సైన్స్ ఫిక్షన్ గురించి కూడా అడిగారు, క్లుప్తంగా చెప్తాను. డార్కో సువిన్ 1979 పుస్తకం ప్రకారం సైన్స్ ఫిక్షన్‌లో హేతువుకు నిలబడే ఒక కొత్త వస్తువు ఉండాలి, అది మన లోకాన్ని మనకే కొత్తగా చూపించాలి, పురాణాలు ఆ గీతకు అవతల. ‘ఆదిత్య 369’లో టైమ్ మెషిన్ ఆ పరీక్ష తేలిగ్గా పాసవుతుంది. సినిమా మనసు పెట్టి నిలిచేది మాత్రం 2504లో కాదు, 1526లో రాయల సభలో. 2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’లో అశ్వత్థామ వచ్చి నిలబడేసరికి సువిన్ గీత పూర్తిగా చెరిగిపోతుంది. కాబట్టి ఇది సైన్స్ ఫిక్షనా కాదా అని పేజీలు ఖర్చుపెట్టకండి. భవిష్యత్తును ఊహించడానికి మనవాళ్ళకు గతం ఎందుకు అంతగా కావాల్సి వస్తోంది అని అడగండి. సుపర్ణో బెనర్జీ 2020లో భారతీయ సైన్స్ ఫిక్షన్ మీద రాసిన పుస్తకం ఇలాంటి ప్రశ్నకు దారి చూపిస్తుంది.

ఇక పని విషయం. ఒక ఎంఏ డిసర్టేషన్‌లో హారర్, సైన్స్ ఫిక్షన్ రెండూ పట్టవు, ఒకటి వదిలేయండి. నా సలహా చంద్రముఖి తెలుగు డబ్బింగ్. రీమేకుల మీద వ్యాసాలు దొరుకుతాయి, డబ్బింగ్ సినిమాను మాత్రం అదేదో నకలు అన్నట్టు పక్కన పెట్టేస్తారు. దెయ్యం భాషను తెలుగు నుంచి తమిళానికి తిప్పిన ఆ ఒక్క నిర్ణయం మీదే ఒక అధ్యాయం రాయవచ్చు. మలయాళం, తమిళం, తెలుగు డబ్బింగ్ మూడూ తీసుకుని ఒకే సీనును వరుసగా వేసుకోండి, ఎవరు ఏ భాషలో ఏ మాట దగ్గర మారారో పట్టిక రాసుకోండి, సబ్‌టైటిల్స్‌ను నమ్మకండి, భాష మారిన చోట చాలాసార్లు అవి ఆ సంగతే చెప్పవు. వీలైతే డబ్బింగ్ రచయితలతో, ఆ రోజుల్లో హాల్లో చూసినవాళ్ళతో మాట్లాడండి. బి, సి సెంటర్లలో చూసినవాళ్ళను తప్పకుండా కలవండి, తమిళనాడు సరిహద్దున చిత్తూరు జిల్లాలో చూసినవాళ్ళకు ఆ తమిళం ఎలా వినిపించిందో, శ్రీకాకుళంలో చూసినవాళ్ళకు ఎలా వినిపించిందో ఒకేలా ఉండదు. కన్నడ ‘ఆప్తరక్షక’, దాని తెలుగు రీమేక్ ‘నాగవల్లి’, రెండూ 2010వి, వాటి జోలికి ఇప్పుడు వెళ్ళకండి, విషయం చెయ్యి దాటిపోతుంది.

సినాప్సిస్‌లో సిద్ధాంతాల అధ్యాయాన్ని మొదట పెట్టమని గైడ్ అంటారు, అది రివాజు. సీను విశ్లేషణ ముందు రాసి చూపించి, వుడ్, క్యారల్, సోనేజీలను ఆ విశ్లేషణ లోపలే తీసుకురావడానికి అనుమతి అడగండి. ఒప్పుకోకపోతే అధ్యాయాల వరుస వాళ్ళ ఇష్టప్రకారమే ఉంచి, రాసే వరుస మాత్రం మీదే పాటించండి.